నెలలు నిండని బిడ్డ

"ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు" అని పెద్దవాళ్ళు చెప్పగా వినని ఇల్లు మన వైపు వుండదేమో. ఈ మాట మన సొంతం కూడా కాదు. గ్రీకు దేశంలో హిప్పోక్రటిస్ పేరు మీద చెలామణీ అయిన పాత వైద్యగ్రంథాలలోనూ ఎనిమిదో నెల బిడ్డ బతకదనే రాసి వున్నది. అంత పాత మాట కాబట్టి నిజమే అయివుంటుందని అనుకోకండి. తల్లి కడుపులో గడిపిన ప్రతి వారమూ బిడ్డకు లాభమే. ఏడో నెల బిడ్డ కంటె ఎనిమిదో నెల బిడ్డకూ, ఎనిమిదో నెల బిడ్డ కంటె తొమ్మిదో నెల బిడ్డకూ బతికే అవకాశం హెచ్చు. మరి ఈ మాట ఇన్నాళ్ళు ఎలా నిలిచిందంటారా? ఏడో నెల బిడ్డ ఒకటి బతికితే ఊరంతా చెప్పుకుంటారు. ఎనిమిదో నెల బిడ్డ బతికితే అదొక వార్త కాదు!

డాక్టర్ల లెక్క నెలల్లో కాదు, వారాల్లో. నిండు కాన్పు అంటే సుమారు నలభై వారాలు. ముప్పయి ఏడు వారాలు నిండకముందే పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటారు. 2020వ సంవత్సరంలో ప్రపంచం మొత్తం మీద అలాంటి బిడ్డలు సుమారు ఒక కోటీ ముప్పయి నాలుగు లక్షల మంది పుట్టారని లెక్క వేశారు. అందులో మన దేశపు వాటా సుమారు ముప్పయి లక్షలు. అంటే ఇది ఎక్కడో ఒక ఇంట్లో వచ్చే కష్టం కాదు. మీ వీధిలోనో, మీ బంధువర్గంలోనో ఇలాంటి బిడ్డ తప్పకుండా వుండి వుంటుంది.

వెనుకటి రోజుల్లో ఈ బిడ్డల విషయంలో ప్రశ్న ఒక్కటే: బతుకుతుందా, బతకదా? 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి ఒక కొడుకు ఐదున్నర వారాలు ముందుగా పుట్టాడు. బరువు రెండు కిలోల పైచిలుకు. ఊపిరితిత్తులు సరిగా విచ్చుకోలేదు. అంత గొప్ప దేశానికి అధ్యక్షుడై వుండి, పిలిస్తే పలికే వైద్యులు అంతమంది వుండి కూడా, ముప్పయి తొమ్మిది గంటలకు మించి ఆ పసికందును నిలుపుకోలేకపోయారు. ఊపిరితిత్తుల గదులు అంటుకుపోకుండా కాపాడే జిడ్డు పదార్థం ఒకటి వున్నది. అది నెలలు నిండని బిడ్డల్లో చాలినంత తయారు కాదు. జపానులో ఫుజివారా అనే వైద్యుడు ఆవుల ఊపిరితిత్తుల నుంచి అటువంటి మందును తయారు చేసి, బిడ్డలకు ఇచ్చి, 1980లో ఆ ఫలితాలను ప్రకటించాడు. అప్పటి నుంచి కథ మారింది. 2018లో హైదరాబాదు రెయిన్‌బో ఆసుపత్రిలో ఇరవై అయిదో వారంలో, కేవలం 375 గ్రాముల బరువుతో పుట్టిన పాప నాలుగు నెలల తరువాత క్షేమంగా ఇల్లు చేరింది. కెనెడీ గారి బిడ్డలో అయిదో వంతు బరువు కూడా లేదు!

బతుకు మీద ఆశ కలిగాక రెండో ప్రశ్న వస్తుంది. నేనీ వారం రాయబోయేది ఆ రెండో ప్రశ్న గురించే.

మా బుచ్చిరెడ్డిపాలెంలో మా ఎదురింటి కోడలికి క్రిందటేడు ముప్పయ్యో వారంలోనే కాన్పు అయింది. రక్తపుపోటు విపరీతంగా పెరిగి, ఇక ఆగితే తల్లికే ప్రమాదమన్నారు నెల్లూరు డాక్టర్లు. మగబిడ్డ. పన్నెండు వందల యాభై గ్రాములు. బిడ్డ నాయనమ్మను నేను అత్తమ్మా అని పిలుస్తాను. ఆవిడ రోజూ పొద్దున్నే క్యారియరు పట్టుకుని నెల్లూరు బస్సెక్కేది, చీకటి పడ్డాక తిరిగి వచ్చేది. మొదటి పది రోజులూ ఆవిడ నోట ఒకటే మాట, బిడ్డ దక్కుతాడా అని. పదకొండో నాడు ఊపిరి గొట్టం తీసేశారు. ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా వుండి, మెల్లగా అన్నది:

"బతకను బతికుండాడు గాని అమ్మా, బుర్ర ఎదగతాదా? రేపు నలుగురి బిడ్డల్లో మందమతి అనిపించుకోడు గదా?"

ఇదే ఆ రెండో ప్రశ్న. ఆసుపత్రిలో డాక్టరును అడగడానికి నోరు రాదు. ఇంట్లో అనడానికి భయం. బిడ్డ తల్లి అయితే ఆ మాట ఎవరితోనూ అనకుండా లోలోపల కుమిలిపోతూ వుంటుంది, బిందె ఎత్తినందుకు ఇలా అయిందో, పేరంటానికి వెళ్ళినందుకు ఇలా అయిందో అని. ఆ తల్లికి ముందుగా చెప్పవలసింది, ఇది ఆమె చేసిన తప్పు కాదని. రక్తపుపోటు, కవలలు, గర్భసంచిలో చేరిన చీము దోషం, రక్తహీనత, ఇలా కారణాలు ఎన్నో. చాలాసార్లు కారణమే తెలియదు.

ఇక బుర్ర సంగతి. దీన్ని మా ఊరి నీళ్ళతోనే చెప్పుకుందాం. పెన్నానదికి సంగం దగ్గర ఆనకట్ట వున్నది. అక్కడి నుంచి పెద్ద కాలువ కనిగిరి రిజర్వాయరుకు వస్తుంది. (కనిగిరి పట్టణం కాదు, మా బుచ్చి పక్కనున్న రిజర్వాయరు పేరే అది.) రిజర్వాయరు తూముల నుంచి కాలువలు, కాలువల నుంచి పిల్లకాలువలు, పిల్లకాలువ నుంచి ఒక్కొక్క మడికి ఒక్కొక్క మడవ. పెన్నాలో ఎంత నీరున్నా, రిజర్వాయరు ఎంత నిండినా, ఆ చివరి పిల్లకాలువ లేకపోతే మడి తడవదు.

మెదడు కట్టడం కూడా కొంచెం ఇటువంటిదే. మెదడు అంటే ఒక ముద్ద కాదు. కోటానుకోట్ల కణాలు, వాటి మధ్య సన్నటి తీగలు. చూపు ఒక చోట, వినికిడి ఒక చోట, చేతుల కదలిక ఒక చోట. ఈ చోట్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటేనే బిడ్డ అమ్మ గొంతు విని అటు తల తిప్పుతుంది, గిలక చూసి చెయ్యి చాపుతుంది. ఈ తీగల అల్లిక ఎక్కువ భాగం ఎప్పుడు జరుగుతుందనుకున్నారు? సరిగ్గా గర్భంలోని ఆఖరి మూడు నెలలలో. ఇరవై ఎనిమిదో వారంలో దాదాపు నున్నగా వుండే మెదడు పైభాగం, నలభయ్యో వారం వచ్చేసరికి అక్రోటు పప్పులాగా ముడతలు పడుతుంది. ముప్పయి నాలుగో వారంలో కూడా మెదడు బరువు, నిండు బిడ్డ మెదడు బరువులో మూడింట రెండు వంతులు మాత్రమే. తలలో లోతుగా తాలమస్ అని ఒక భాగం వున్నది. కంటి నుంచీ, చెవి నుంచీ, చర్మం నుంచీ వచ్చే కబురు అక్కడ చేరి మెదడు పైపొరకు పోవాలి. ఆ తాలమస్ నుంచి బయలుదేరిన తీగలు పైపొర దాకా వచ్చి, ఆ అడుగున కొన్ని వారాల పాటు ఆగుతాయి. ఇరవై నాలుగో వారం దాటిన తరువాతనే లోపలికి చొచ్చుకుని, తమ తమ స్థానాల్లో నాటుకోవడం మొదలుపెడతాయి.

ఈ పని జరుగుతూ వుండగా బిడ్డ బయటికి వచ్చేస్తే? పని ఆగదు. కాని గర్భంలోని చీకటిలో, నీటి వెచ్చదనంలో, అమ్మ గుండె చప్పుడు వింటూ జరగవలసిన పని ఆసుపత్రి దీపాల కింద, యంత్రాల కూతల మధ్య, సూదిపోట్ల మధ్య జరగవలసి వస్తుంది.

ఇదంతా చూసినట్టే చెబుతున్నారే అని మీకు సందేహం రావచ్చు. చూశారు మరి! లండన్ లోని కింగ్స్ కాలేజీ, ఇంపీరియల్ కాలేజీ, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కలిసి శిశువుల మెదడులోని ఈ తీగల పటం గీయడానికి ఒక పెద్ద ప్రయత్నం చేశాయి. బిడ్డకు కడుపునిండా పాలిచ్చి, గుడ్డలో చుట్టి, చెవులకు చప్పుడు తగలకుండా కప్పి, మత్తుమందు ఏమీ లేకుండా, మామూలుగా నిద్రపోతూ వుండగానే ఎం.ఆర్.ఐ. యంత్రంలో ఫోటోలు తీశారు. అలా ఏడు వందలమందికి పైగా శిశువుల చిత్రాలను ప్రపంచంలోని పరిశోధకులందరికీ అందుబాటులో వుంచారు. ఈ ఫోటోలలో ఒక రకానికి కిటుకు ఏమిటో తెలుసా? తీగల వెంబడి నీటి అణువులు ఎటు కదులుతున్నాయో యంత్రం కనిపెడుతుంది. నీళ్ళు ఎటు పారుతున్నాయో చూసి కాలువ ఎటు వున్నదో చెప్పడమన్నమాట. మా బుచ్చి రైతుకు ఈ విద్య కొత్తగా నేర్పనక్కరలేదు.

2014లో లండన్ పరిశోధకులు ప్రకటించిన ఒక ఫలితం నాకు చాలా ధైర్యం కలిగించింది. మెదడులో కొన్ని పెద్ద కూడళ్ళు వున్నాయి. ఆ కూడళ్ళను ఒకదానితో ఒకటి కలిపే పెద్ద కాలువలు ముప్పయ్యో వారానికే పడిపోయి వుంటాయట. అక్కడి నుంచి నిండు కాన్పు దాకా జరిగే పని ప్రధానంగా ఆ కూడళ్ళ నుంచి మిగతా మెదడుకు పిల్లకాలువలు తవ్వుకోవడమే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను నలభయ్యో వారం వచ్చే రోజు దాకా ఆగి చూస్తే, పెద్ద కాలువలు చెక్కుచెదరకుండా వున్నాయి. లోటు కనిపించింది ఎక్కడంటే, దగ్గర దగ్గర భాగాలను కలిపే పొట్టి తీగలలోనూ, తాలమస్ లాంటి లోతట్టు భాగాలకూ పైపొరకూ మధ్యనున్న తీగలలోనూ. అంటే ఆనకట్ట వున్నది, రిజర్వాయరు వున్నది, పెద్ద కాలువ వున్నది. పిల్లకాలువల పని కొంత వెనకబడింది.

అత్తమ్మకు నేను ఇదే చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "పిల్లకాలవలే గదా, పార పట్టుకుంటే తవ్వుకోవచ్చు" అన్నది.

ఆ మాటలో చాలా నిజం వున్నది. అయితే పూర్తి నిజం కాదు. నెలలు తక్కువైన కొద్దీ, బరువు తక్కువైన కొద్దీ, మెదడులో రక్తం చిమ్మడం వంటి చిక్కులు వచ్చిన కొద్దీ ప్రమాదం ఎక్కువవుతుంది. కొందరు బిడ్డలకు కాళ్ళూ చేతులూ బిగుసుకుపోవడం, చూపు, వినికిడి దెబ్బతినడం జరుగుతుంది. కొందరు బడికి వెళ్ళే వయస్సులో లెక్కల దగ్గర, నిలకడ దగ్గర ఇబ్బంది పడతారు. ఇక చాలామంది, ముఖ్యంగా ముప్పయి రెండు వారాలు దాటి పుట్టినవారు, ఏ చిక్కూ లేకుండా పెరిగి పెద్దవారవుతారు. ఫలానా బిడ్డ ఏ కోవలో చేరుతుందో పుట్టిన రోజున ఎవరూ చెప్పలేరు. కాబట్టి "ఇంతే, వీడి రాత" అని చేతులు ముడుచుకోవడమూ సరికాదు, "అన్నీ అవే సర్దుకుంటాయి" అని పట్టించుకోకపోవడమూ సరికాదు. పిల్లకాలువలు తవ్వుకునే రోజులు ఇవే. పార పట్టవలసింది ఎవరెవరు, ఎలాగ అన్నదే తెలుసుకోవాలి.

మొదటి పార, అమ్మ ఒడి. 1970ల చివర దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశంలో, బొగోటా నగరపు ప్రసూతి ఆసుపత్రిలో ఒక్కొక్క ఇంక్యుబేటరులో ఇద్దరు ముగ్గురు బిడ్డలను పడుకోబెట్టవలసి వచ్చేది. అంటురోగాలతో బిడ్డలు పోయేవారు. అప్పుడు ఎడ్గర్ రే, హెక్టార్ మార్టినెజ్ అనే వైద్యులు ఒక ఉపాయం చేశారు. బిడ్డను బట్టలు లేకుండా, తలకు టోపీ, నడుముకు గుడ్డ మాత్రం వుంచి, తల్లి రొమ్ముల మధ్య నిలువుగా, చర్మానికి చర్మం ఆనేటట్టు కట్టేశారు. కంగారూ జంతువు తన బిడ్డను సంచిలో మోసినట్టు వుంటుంది కాబట్టి దానికి కంగారూ సంరక్షణ అని పేరు వచ్చింది. బీదతనంలో పుట్టిన ఉపాయమే కాని, ఇప్పుడు ధనిక దేశాలు కూడా దీన్ని నేర్చుకున్నాయి.

ఒక కిలో నుంచి ఒక కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు బరువున్న బిడ్డలను పుట్టిన వెంటనే, ఇంకా నిలదొక్కుకోకముందే, ఇలా తల్లి గుండె మీద వుంచితే ఏమవుతుందో మన ఢిల్లీతో సహా అయిదు దేశాల ఆసుపత్రుల్లో పరీక్షించారు. 2021లో ఫలితం ప్రకటించారు. బిడ్డ స్థిమితపడే దాకా ఆగి తరువాత తల్లికి ఇచ్చిన చోట నూటికి దాదాపు పదహారుగురు పోతే, వెంటనే ఇచ్చిన చోట పన్నెండుగురే పోయారు. లాభం అంత స్పష్టంగా కనిపించడంతో పరీక్షను అనుకున్న గడువుకు ముందే ఆపేశారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ పద్ధతినే సిఫారసు చేసింది.

బతుకు సరే, బుర్ర మాటేమిటి? బొగోటాలో కంగారూ పద్ధతిలో పెరిగిన బిడ్డలు యౌవనంలోకి వచ్చిన తరువాత వారిలో కొందరిని పరీక్షించి 2012లో రాశారు. తల మీద అయస్కాంతం వుంచి, మెదడు కుడి సగం నుంచి ఎడమ సగానికి కబురు ఎంత వేగంగా పోతూందో కొలిచారు. తల్లి గుండె మీద పెరిగిన వారిలో ఆ వేగం నిండు నెలల బిడ్డలతో సమానంగా వున్నది. ఇంక్యుబేటరులోనే పెరిగిన వారిలో వెనకబడింది. పరీక్షించిన వారి సంఖ్య చిన్నదే. అయినా దారి ఎటు వున్నదో తెలుస్తూనే వున్నది.

ఎదురింటి కోడలికి బిడ్డను గుండె మీద పెట్టుకోమని నర్సు చెప్పినప్పుడు, అంత చిన్న ప్రాణాన్ని ముట్టుకుంటే ఏమవుతుందోనని చేతులు వణికాయట. రెండు రోజులు దూరం నుంచే చూసి వచ్చింది. మూడో నాడు కూర్చున్నది. గంటన్నర కదలలేదు. తరువాత కోడలికి జ్వరం వచ్చి నాలుగు రోజులు వార్డులోకి రానీయకపోతే, ఆ పని అత్తమ్మ చేసింది. అవును, నాయనమ్మ చేయవచ్చు, తండ్రి చేయవచ్చు, ఒంట్లో బాగున్న వారెవరైనా చేయవచ్చు. "నా గుండె మీద పడుకుని వాడు నిదరబోతా వుంటే, నేనే కన్నట్టుండాది" అన్నదావిడ. బుర్ర ఎదుగుతుందా అని అడగడం ఆనాటితో మానేసింది.

రెండో పార, గొంతు. కడుపులోని బిడ్డ ఆఖరి నెలల్లో తల్లి మాట వింటూనే వుంటుంది. ముందుగా పుట్టిన బిడ్డకు ఆ మాట కరువవుతుంది. అమెరికాలో ఇరవై అయిదు నుంచి ముప్పయి రెండు వారాల మధ్య పుట్టిన నలభైమంది బిడ్డలను తీసుకుని, సగం మందికి రోజుకు మూడు గంటల పాటు తల్లి గొంతు, గుండె చప్పుడు రికార్డు చేసి వినిపించారు. నెల గడిచాక చూస్తే, మెదడులో వినికిడికి సంబంధించిన భాగం ఆ బిడ్డల్లో మందంగా పెరిగి వున్నది. ఇది 2015 నాటి సంగతి.

ఇంకొక వింత వినండి. స్విట్జర్లాండులోని జెనీవాలో ఈ బిడ్డల కోసమే ఒక సంగీత విద్వాంసుడి చేత ఎనిమిదేసి నిమిషాల బాణీలు కట్టించారు. నిద్ర లేచేటప్పుడు ఒకటి, ఆడుకునేటప్పుడు ఒకటి, పడుకునేటప్పుడు ఒకటి. ఏ వాయిద్యం బిడ్డలకు నచ్చుతుందో చూడడానికి రకరకాల వాయిద్యాలు వాయించి చూస్తే, బిడ్డలు అన్నిటి కంటె ఎక్కువగా చెవి ఒగ్గింది దేనికనుకున్నారు? మన పాములవాడి నాగస్వరానికి! ఏడుస్తున్న బిడ్డలు చప్పున ఊరుకున్నారట. ఆ సంగీతం విన్న బిడ్డల మెదడులో, వివిధ భాగాల మధ్య రాకపోకలు, విననివారి కంటె మెరుగ్గా వున్నాయని 2019లో ప్రకటించారు.

దీని అర్థం ఇంటికి పాములవాణ్ణి పిలిపించమని కాదు. రేడియో పెద్దగా పెట్టమనీ కాదు. చెవికి దగ్గరగా, మెల్లగా, మీకు వచ్చిన జోల పాట పాడండి. పాట రాకపోతే కబుర్లు చెప్పండి. ఇవాళ వంకాయ ఏం ధర పలికిందో చెప్పినా సరే. బిడ్డకు కావలసింది సంగతి కాదు, గొంతు.

మూడో పార, తల్లిపాలు. ఎడింబరోలో ముప్పయి మూడు వారాల లోపు పుట్టిన నలభై ఏడుగురు బిడ్డలను చూశారు. ఆసుపత్రిలో వున్న రోజుల్లో నాలుగింట మూడు వంతులకు పైగా తల్లిపాల మీదనే గడిపిన వారి మెదడులో తీగల అల్లిక మెరుగ్గా వున్నదని 2019లో రాశారు. నెలలు నిండని బిడ్డకు చప్పరించే శక్తి వుండదు కాబట్టి పాలు పిండి, గొట్టం ద్వారానో, ఉగ్గుగిన్నెతోనో పట్టాలి. మొదట్లో చుక్కలే వస్తాయి. చుక్కలే చాలు. మన ఉగ్గుగిన్నెను పాతకాలపు వస్తువని అటక మీద పారేశాం గాని, సీసా కంటె అది వెయ్యి రెట్లు నయం. వాడే ముందు నీళ్ళలో బాగా మరిగించడం మాత్రం మరవకండి.

ఇక ఇంటికి వచ్చిన తరువాత. ఇక్కడే మన ఇళ్ళలో పెద్ద చిక్కు వస్తుంది. ఎదురింటి బిడ్డ పుట్టిన నెలలోనే అతని మేనత్తకు కూడా ఒక కొడుకు పుట్టాడు, నిండు నెలలతో. ఆరో నెలలో ఆ బిడ్డ బోర్లా పడ్డాడు, ఈ బిడ్డ ఇంకా తల నిలపడం నేర్చుకుంటూ వున్నాడు. ఇంటికి వచ్చిన ప్రతివారూ ఇద్దరినీ పక్కపక్కన పడుకోబెట్టి చూడడం, పెదవి విరవడం. బిడ్డ తల్లి లేచి లోపలికి వెళ్ళిపోవడం.

అమ్మా, లెక్క అది కాదు. పది వారాలు ముందుగా పుట్టిన బిడ్డ వయస్సులో ఆ పది వారాలూ తీసివేసి చూడాలి. ఆరు నెలలు నిండితే, ఆ బిడ్డకు మూడున్నర నెలల పైచిలుకు అని లెక్క. మూడున్నర నెలల బిడ్డ తల నిలిపితే బ్రహ్మాండంగా ఎదుగుతున్నట్టే! రెండేళ్ళు నిండే దాకా ఇలాగే లెక్క చూడాలి. టీకాలకు మాత్రం పుట్టిన తేదీయే ప్రమాణం, అక్కడ వారాలు తీసివేయకూడదు.

అలా సవరించిన వయస్సు ప్రకారం కూడా మూడు నెలలకు నవ్వకపోయినా, ముఖం వెంట చూపు తిప్పకపోయినా, నాలుగైదు నెలలకు తల నిలపకపోయినా, బొటనవేలు లోపలికి పెట్టి పిడికిలి ఎప్పుడూ బిగించే వుంచినా, కాళ్ళు కత్తెరలాగా పెనవేసినా, ఏడాది లోపే ఒక చేతినే వాడుతున్నా, వెంటనే డాక్టరుకు చూపించండి. "వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడు" అని ఊరుకోకండి. మెదడు ఎదిగే వేగం ఈ మొదటి రెండేళ్ళలోనే హెచ్చు. ఇప్పుడు నేర్పిన వ్యాయామం చేసిన మేలు అయిదేళ్ళ తరువాత నేర్పితే చేయదు. పుట్టుకతో వచ్చిన లోపాలనూ, ఎదుగుదలలో ఆలస్యాలనూ కనిపెట్టి చికిత్స చేయించడానికి 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. దాని కింద జిల్లా కేంద్రాలలో ప్రత్యేక కేంద్రాలు ఏర్పాటు చేశారు. ఊళ్ళో ఆశా కార్యకర్తను అడిగితే దారి చూపిస్తుంది.

కన్ను సంగతి మరీ ముఖ్యం. నెలలు నిండని బిడ్డ కంటి లోపలి పొరలో రక్తనాళాలు దారి తప్పి పెరగవచ్చు. పైకి కన్ను కలువరేకులా వుంటుంది, లోపల చూపు పోతూ వుంటుంది. ముప్పయి నాలుగు వారాల లోపు పుట్టినా, రెండు కిలోల లోపు బరువున్నా, ముప్పయి రోజులు నిండకముందే కంటి డాక్టరు చేత తప్పక చూపించాలి. మరీ చిన్న బిడ్డలకు ఇంకా ముందే. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వారు 1990ల చివరి నుంచే ఆసుపత్రులకు వెళ్ళి ఇలాంటి బిడ్డల కళ్ళు చూడడం మొదలుపెట్టారు. వేళకు లేజరు చికిత్స చేస్తే చూపు నిలుస్తుంది. ఆలస్యమైతే తిరిగి రాదు. చెవి పరీక్ష కూడా చేయించండి. కన్నూ చెవీ తెచ్చే కబుర్లతోనే కదా పిల్లకాలువలు పారేది!

ఆచారాల మాట కూడా ఒకటి రెండు ముక్కలు చెబుతాను. బిడ్డ దక్కాలని నూకలకు కొన్నట్టు చేసి నూకరాజు, నూకాలమ్మ అని పేర్లు పెట్టడం మన వాళ్ళలో వున్నది. దానివల్ల బిడ్డకు వచ్చిన నష్టం లేదు. పురిటి గదిలోకి పదిమందినీ రానీయకపోవడం చాలా మంచి ఆచారం, నెలలు నిండని బిడ్డ విషయంలో మరింత గట్టిగా పాటించండి. కాని సాంబ్రాణి పొగ మాత్రం వద్దు. లేత ఊపిరితిత్తులు తట్టుకోలేవు. బరువు పెరిగే దాకా తలంట్లు, చెవుల్లో ముక్కుల్లో నూనె పోయడం, పుట్టగానే తేనె నాకించడం, ఇవీ వద్దు.

ఇంకా కాన్పు కావలసిన వారికి ఒక మాట. నెలలు నిండకముందే నొప్పులు వచ్చినా, ఉమ్మనీరు పోయినా, తల పగిలిపోయేటంత నొప్పి వచ్చి కళ్ళు బైర్లు కమ్మినా, తెల్లవారనీ అని ఆగకండి. పసిబిడ్డల ప్రత్యేక వార్డు వున్న ఆసుపత్రికి తల్లి కడుపులో బిడ్డ వుండగానే చేరాలి. పుట్టిన తరువాత బిడ్డను మోసుకుపోవడం కంటె అదే క్షేమం. కాన్పుకు ముందు తల్లికి ఇచ్చే ఇంజక్షన్లు కొన్ని వున్నాయి. ఒకటి బిడ్డ ఊపిరితిత్తులను గట్టిపరచి, మెదడులో రక్తం చిమ్మకుండా కూడా కాపాడుతుంది. ఇంకొకటి మెదడుకు రక్షణ ఇస్తుంది. అవి పనిచేయడానికి కొన్ని గంటల వ్యవధి కావాలి. మీరు ఇంటి దగ్గర వృథా చేసిన గంటలు అవే కావచ్చు.

ఎదురింటి బిడ్డకు ఇప్పుడు పుట్టిన లెక్కన పదిహేను నెలలు, మన సవరణ లెక్కన పన్నెండున్నర. గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. కుడి కాలు కొంచెం బిగువుగా వున్నదని నెల్లూరులో వ్యాయామం నేర్పించారు. పూటకు పావుగంట చొప్పున రోజుకు మూడు పూటలు తల్లి చేయిస్తూంది. తరువాత ఏమవుతుందో నేను చెప్పబోవడం లేదు, డాక్టరు కూడా చెప్పలేదు. ఆ పావుగంటా ఆమె తప్పడం లేదు. అది చాలు.

మీకు తెలిసిన ఇంట్లో ఇలాంటి బిడ్డ వుంటే, చూడడానికి వెళ్ళినప్పుడు "ఇంత చిన్నగా వున్నాడేమే" అనకండి. "మీ వాడు ఇంకా బోర్లా పడలేదా" అని అడగకండి. కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఆ తల్లి చేతిలోని పని కాసేపు మీరు అందుకోండి. ఆమెను బిడ్డతో కూర్చోనివ్వండి. ఆ ఇంట్లో చాలా పెద్ద పని జరుగుతూంది, పైకి మాత్రం కనిపించదు.